మూడు మూలల చుక్క

మా అమ్మాయి తమన్నా రాత్రి చూసిన చుక్కను నోటుపుస్తకంలో మూడు మూలలతో గీసింది. టెలిస్కోపులో అలాగే కనిపించిందట. చిన్నప్పుడు నాకు బోర్డు మీద అక్షరాలు కనపడకపోతే, నన్ను మొద్దనుకుని ఏడో తరగతిలోనే బడి మాన్పించారు. కళ్ళజోడు పెళ్ళయ్యాక వచ్చింది. దీని కళ్ళూ అంతేనా?

"గుడివాడలో ప్రకాశరావు మాస్టారు వాడుకుని మనకమ్మిన పాత టెలిస్కోపు కదా నీలోఫర్. తప్పు దానిదే అయ్యుంటుంది," అన్నారు మావారు అజహర్.

"మీకు కనిపించాయా మూలలు?"

"నేను చందమామనే చూశాను. బాగానే ఉంది."

మర్నాడు పొద్దున మాస్టారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"పగలే చూడొచ్చమ్మా. ఎండకు మెరిసే చిన్న గుండు ఏదైనా దూరంగా పెట్టు. అదే నీ చుక్క. సూర్యుడి వైపు మాత్రం గొట్టం తిప్పకు," అన్నారు.

గిల్టు నగలు చేసే మా చిలకలపూడిలో గుండ్లకేం కొదవ? రోల్డ్ గోల్డ్ గుండొకటి తీసుకెళ్ళి, వీధి చివర జోహ్రా పిన్ని డాబా పిట్టగోడ మీద మైనంతో అంటించి వచ్చాను.

గొట్టంలోంచి చూస్తే నాకూ మూడు మూలలే. కానీ నా కళ్ళను నేను నమ్మను. తమన్నాను కూర్చోబెట్టాను.

"తల పక్కకు వంచి చూడవే. మూలలు కూడా తిరుగుతున్నాయా?"

తప్పు కంటిలో ఉంటే కంటితోపాటు తిరగాలి కదా.

"లేదమ్మీ. అక్కడే ఉన్నాయి. మెడ నొప్పి."

"ఇంకొంచెం వంచు."

"అక్కడే ఉన్నాయన్నానా."

అంటే తప్పు దాని కంటిది కాదు. కన్ను ఆనించే చోట ఉన్న బుల్లి అద్దాన్ని తిప్పి, తమన్నాను మళ్ళీ చూడమన్నాను. మూలలు కదల్లేదు. ఇక మిగిలింది గొట్టం అడుగున ఉన్న పెద్ద అద్దం. అడుగు విప్పాను. అద్దం అంచును మూడు పట్లు నొక్కిపట్టి ఉన్నాయి. సరిగ్గా మూడు.

"ఏవండీ, వీటిని మీరు ముట్టుకున్నారా?"

"తెచ్చేటప్పుడు బస్సులో టకటకలాడిందని బిగించాను. రాయి కదిలితే ఊడిపోదూ?"

పదేళ్ళుగా నగల్లో రాళ్ళు పొదిగే చెయ్యి మరి.

"ఇది ఉంగరంలో రాయి కాదండీ. నొక్కితే అద్దం వంగి మూలలు వస్తున్నట్టుంది."

"ఊడితే నన్ననకు."

పట్టుకూ అద్దానికీ మధ్య కాగితం దూరేంత సందు వచ్చేలా మరలు వదులు చేశాను. మాస్టారు ఫోన్‌లో చెబుతుంటే అద్దాన్ని తిన్నగా నిలిపేసరికి మధ్యాహ్నం దాటింది.

తమన్నా చాలాసేపు చూసింది. చివరికి పెన్సిలు తీసుకుని కాగితం మీద గుండ్రని చుక్క పెట్టింది. దాని పక్కనే ఇంకేదో గీయడం మొదలుపెట్టింది.

"అదేంటే?"

"చీమ. గుండు పక్కన ఉంది. అమ్మీ, చీమలు మైనం తింటాయా?"


వంగి చూశాను. నిజమే, చీమే.