చేదు రాని పులిహోర

తెనాలిలో వసుంధర పెరటి నారదబ్బ చెట్టు ఈ ఏడు కొమ్మలు వంగేలా కాసింది. ఊరగాయకని కొందరు, పైత్యానికి మంచిదని కొందరు సంచుల్లో పట్టుకెళ్ళారు. మజ్జిగలోకి ఆకులు కావాలని వచ్చినవాళ్ళు రెమ్మలే విరిచారు. వసుంధర మాత్రం పులిహోర ఇంకా కలపలేదు.

ఏళ్ళ తరబడి రసం పిండింది పక్కింటి ముబీనా. కాయని అడ్డంగా కోసి, గింజలు తీసి, తొక్క నలగకుండా వేళ్ళతో మెత్తగా నొక్కేది. వసుంధర పిండితే బట్టలు పిండినట్టే. తొక్కలో చేదంతా అన్నంలోకి దిగేది. అందుకని తాలింపు ఈవిడది, రసం ఆవిడది. తినడం ఇద్దరిదీ. మగవాళ్ళకి మిగిలితే మిగిలినట్టు.

భర్తకి బదిలీ అయి ముబీనా రేపల్లె వెళ్ళిపోయింది. ఇప్పుడు గోడవతల ఎవరో ఉన్నారు, మంచివాళ్ళే. అయినా వసుంధర ఆ వైపు బట్టలు ఆరేయడం మానేసింది.

ముబీనా పుట్టిల్లు బాపట్ల. వెళ్ళినప్పుడల్లా తెనాలిలో రైలు మారుతూ ఫోన్ చేస్తుంది, ఇంటికి మాత్రం రాదు. నోరు తెరిచి రమ్మనడం వసుంధరకి చేతకాదు. బియ్యే చదివిన బిగువని మొగుడు సుందరయ్య అంటాడు.

ఆ ఉదయం మళ్ళీ ఫోన్ మోగింది.

"ప్లాట్‌ఫారం మీదున్నా వదినా. ఏం చేస్తున్నావ్?"

పొయ్యి మీద ఏమీ లేదు.

"పులిహోర," అంది వసుంధర. "దబ్బరసం ఉడుకుతోంది."

"ఉడకడమేంటి?"

"దగ్గరపడాలిగా."

"అదేమన్నా చింతపండు పులుసా? కషాయమవుద్ది, దించెయ్. ఎవరు పిండారు?"

"నేనే. తొక్క కూడా వదల్లేదు."

"అన్నయ్య తింటాడా దాన్ని?"

"పెడితే తినక చస్తాడా."

ముబీనా నవ్వలేదు. "ఇంకో కాయ తీసుకుని వీడియో కాల్ చెయ్. చూపిస్తా."

ఇలా అవుతుందని వసుంధర అనుకోలేదు. చెట్టుకేసి చూసింది. ఎంతసేపు చూసినా అబద్ధం ఇంకొకటి తట్టలేదు.

"ఫోన్లో నేర్చుకోను," అంది. "నువ్వే రా ముబీనా."

అటువైపు రైళ్ళ వేళలు చెప్తున్న గొంతు దూరమైంది.

"ఇన్నిసార్లు స్టేషన్‌లో దిగి ఫోన్ చేశా," అంది ముబీనా. "రమ్మంటావేమోనని చూడ్డం, బండెక్కడం. పిలవని పేరంటానికి ఎట్లా వస్తారు వదినా?"

"పిలిచాగా ఇప్పుడు."

"ఆటో మాట్లాడుకుంటున్నా. ఆ గిన్నె ముట్టుకోమాకు, రుచి చూస్తా."

వసుంధర ఫోన్ పెట్టేసి పెరట్లోకి పరుగెత్తింది. ఆటో వచ్చేలోపు ఒక్క కాయనైనా తొక్కతో సహా పిండి పొయ్యి మీద పెట్టాలి.