పడవ వినకుండా

ఇంకో వంద అడుగులు, అంతే, అక్కడికెళితే పడవకి వినపడదు, అనుకుంటూ సూరయ్య కళింగపట్నం ఇసుకలో నడుస్తూనే ఉన్నాడు, వెనకాల శ్రీకాకుళం నుంచి వచ్చిన ఇన్సూరెన్సు ఏజెంటు ఉమాపతి, బూట్ల నిండా ఇసుకతో, ఇంకెంత దూరమయ్యా బాబూ అని మూలుగుతున్నాడు, చదువుకున్నవాడే గానీ ఏం లాభం, పడవ పక్కనే నిలబడి, ఇది మునిగిపోతే, అని మొదలెట్టాడు, సూరయ్య గభాలున అతని నోరు మూశాడు, చేపల కంపు చేత్తోనే, లేకపోతే మొన్ననే పసుపు రాసి బొట్టు పెట్టిన కొత్త పడవ, రేపు పొద్దున్న మొదటిసారి నీళ్లలో దిగబోయేది, దాని ముందు ఆ మాటా, తనకి బుద్ధి తెలిశాక ఈ ఒడ్డున పడవ దగ్గర ఆ మాటన్న మగాడు లేడు, ఇక్కడ సెప్పు బాబూ, అన్నాడు చేపలు ఎండేసిన చోట ఆగి, మెల్లగా సెప్పు, గాలి అటే ఎల్తన్నాది.

ఉమాపతి గుసగుసగా చెప్పాడు, పడవ విలువ రెండువేలు, ఏడాదికి కట్టాల్సింది వంద, వందంటే ఎక్కడుందో సూరయ్యకి తెలుసు, ఆ పక్కనే కూర్చుని చేపలు తిరగేస్తున్న పెళ్లాం మరిడమ్మ కొంగు ముడిలో ఉంది, కొత్త వల కోసం దాచింది, ఉన్నది ఆ ఒక్క వందే, వలా కాగితమా ఇవాళే తేలాలి, వల సిరిగిపోతే ఏటిస్తారు, ఏమీ ఇవ్వం, పడవ సగం ఇరిగితే, ఇవ్వం, ఒడ్డు మీదున్నదాన్ని గాలివాన ఎత్తుకుపోతే, ఇవ్వం, మరెప్పుడిస్తారయ్యా, సముద్రంలో పూర్తిగా పోతేనే, అన్నాడు ఉమాపతి, అదేదో పెళ్లి కబురైనట్టు నవ్వుతూ, మరి ఏడాదంతా పడవ బంగారంలా ఉంటే ఆ వంద తిరిగొస్తాదా, రాదు, పోయినట్టే, ఇదెక్కడి బేరం, పడవ బాగుంటే నష్టం, పోతే లాభం, రేపు గాలి లేచినప్పుడు తనకే తెలియకుండా మనసులో ఓ మూల ఆశ పుడితేనో, ఛీ ఛీ, సూరయ్య గబగబా లెంపలు వేసుకున్నాడు, ఉమాపతి కంగారుపడి, నన్నేం చెయ్యమంటావు, అది కంపెనీ రేటు, పైసా తగ్గదు, అన్నాడు.

అంతవరకూ తలెత్తని మరిడమ్మ, మా మావకేటైనా అయితే ఏటొస్తాది బాబూ, అంది, ఏజెంటు కాగితాలు తిరగేసి, అది వేరే పాలసీ అమ్మా, ఇది పడవకే, అన్నాడు, సూరయ్యకి ఒళ్లు మండింది, ముప్పై ఏళ్లుగా ఉప్పునీళ్లు తాగుతున్నాడు, నిన్నగాక మొన్న మేకులు కొట్టిన చెక్కలకి రెండువేలు, తనకి గంపల్లో పోసే చిన్న కవళ్ల చేప పాటి విలువ కూడా లేదు, ఎల్లు బాబూ ఎల్లు, నీ కాగితం నువ్వట్టుకెల్లు, అనబోయాడు, ఈలోగా మరిడమ్మ చేతులు కడుక్కుని కొంగు ముడి విప్పుతోంది, ఒసే నీకు మతిపోయిందా, వలో మరి, పాతదే కుడతాను, రాత్రీ పగలూ కుడతాను, నువ్వూరుకో, అని కేకేసింది, ముడి విప్పుతూనే, తవిటయ్య బావ గుర్తున్నాడా మావా, అంది.

గుర్తులేకేం, సొంత అన్న, వంశధార సముద్రంలో కలిసే మొగలో పడవ తిరగబడితే కూలికెళ్లిన నలుగురూ ఈదుకుంటూ వచ్చేశారు, అన్న రాలేదు, అందరికంటే గజ ఈతగాడు అన్నే, కానీ ఆ పడవ అన్నది, ఇంకా అప్పు తీరనిది, అంచు పట్టుకుని వదల్లేదు, రా అన్నా రా అన్నా అని వాళ్లు అరుస్తూనే ఉన్నారట, ఆళ్లది కాదు గనక ఒగ్గేసొచ్చారు, అంది మరిడమ్మ, ఏజెంటు చేతిలో నోట్లు పెడుతూ, నువ్వూ ఒగ్గేసి రావాల మావా, ఈదుకుంటూ ఇంటికొచ్చీయాల, ఇనిపించిందా.

సూరయ్య బొటనవేలికి సిరా అంటింది, కాగితం మీద అదిమాడు, గట్టిగా, కళ్లు మండుతున్నాయి, ఎండు చేపల ఘాటు అనుకున్నాడు, కాదు, ఏడుపే, అంతసేపూ వందా రెండువేలూ అంటూ కొట్టుకున్నాడు, మరిడమ్మ కొన్నది వేరే, నడిసముద్రంలో పడవ మీంచి చెయ్యి తీసెయ్యగల ధైర్యం, అన్నకి ఆరోజు అదొక్కటే లేదు, ఏడాదికి వందేనట, చవకే.