మూడు నిమిషాలు

పుంగనూరులో నూర్ అహ్మద్ షెడ్డుకు వెళ్లినవాళ్లకు రెండు తప్పవు: బండికి మరమ్మతు, డ్రైవరుకు చీవాట్లు. మొదటిది ఒక్కోసారి ఆలస్యమవుతుంది గానీ రెండోది ఎన్నడూ కాలేదు. అయినా అందరూ ఆయన దగ్గరికే వస్తారు. ఆయన చెయ్యి పెట్టిన ఇంజను అంత తేలిగ్గా చావదు.

అందుకు సాక్ష్యం గంగులప్ప ఆరు టైర్ల లారీ. కుప్పం అవతల గుడుపల్లెలో టమోటా ఎత్తుకుని మదనపల్లె యార్డుకు చేర్చడం గంగులప్ప పని. ఎక్కుడు రోడ్డు వచ్చిందంటే చాలు, ఆ బండి ముక్కుతూ మూలుగుతూ పాకేది. నూర్ అహ్మద్ డీజిల్ ఎక్కువ పారేలా పంపు తిప్పి, ఇంజనులోకి గాలి తోసే పెద్ద లారీ టర్బో బిగించి, ఆ వేడికి ఆయిల్ తట్టుకోవాలని పాత బస్సు నుంచి ఊడదీసిన ఆయిల్ కూలర్ని రేడియేటర్ ముందు కూర్చోబెట్టాడు. బండికి ప్రాణం లేచొచ్చింది. గంగులప్ప మాత్రం ఏడాదిలో రెండు టర్బోలు మాడ్చాడు. పరోటా హోటల్ కనబడగానే టక్కున ఇంజను ఆపి దూకేవాడు మరి. ఎర్రగా కాలి తిరుగుతున్న టర్బోను చల్లార్చేది అందులో పారే ఆయిలే. ఇంజను ఆపితే ఆ ఆయిల్ నిలిచిపోతుంది, నిలిచినచోటే మాడి మసవుతుంది.

మూడో టర్బో బిగిస్తూ నూర్ అహ్మద్ షెడ్డులో అందరి ముందరా గంగులప్పను దులిపేశాడు. "లోడుతో వచ్చి నిలబెట్టినాక మూడు నిమిషాలు ఊరికే తిరగనీ. ఏమొచ్చినా దిగద్దు," అన్నాడు. గంగులప్ప తలవంచుకుని విన్నాడు. ఆ తర్వాత ఆరేళ్లు, నాలుగు లక్షల కిలోమీటర్లు, ఆ ఇంజను హెడ్డు విప్పే పని పడలేదు. మదనపల్లె నుంచి, కుప్పం నుంచి వచ్చే డ్రైవర్లకు నూర్ అహ్మద్ ఆ బండిని పెళ్లికూతురిలా చూపించేవాడు.

గంగులప్ప భార్య రెడ్డెమ్మకు కూడా ఆ మూడు నిమిషాలు అలవాటైపోయాయి. షెడ్డుకు దగ్గర్లోనే ఉన్న ఇంటి ముందు లారీ వచ్చి నిలవగానే ఆమె సంగటి ముద్ద చేసి కంచంలో పెట్టేది. పక్కన ఊరిబిండి పచ్చడి వేసి, నీళ్ల చెంబు గడప దగ్గర పెట్టేసరికి ఇంజను ఆగేది. ఆగాక గంగులప్ప కాళ్లు కడుక్కునే చప్పుడు వినబడేది.

ఆ రోజు వి.కోట నుంచి గంగులప్ప ఇంటికి ఫోన్ చేశాడట, గుండెల్లో మంటగా ఉంది, మజ్జిగ పలచగా చేసిపెట్టమని. ఒంటిగంటకు లారీ వచ్చి నిలిచింది. రెడ్డెమ్మ సంగటి పెట్టింది, మజ్జిగ చేసింది. ఇంజను ఆగలేదు. ఫోన్లో మాట్లాడుతున్నాడేమో అనుకుంది. సంగటి ఆరిపోతుందని మూత పెట్టింది. చివరికి బయటికొచ్చి చూస్తే గంగులప్ప స్టీరింగు మీదికి ఒరిగి ఉన్నాడు. ఆటోలో పెద్దాసుపత్రికి చేర్చారు గానీ ప్రాణం దక్కలేదు. కాస్త ముందు తెచ్చి ఉంటే ఏమైనా చేయగలిగేవాళ్లమేమో అన్నాడు అక్కడి డాక్టరు.

కబురు విని నూర్ అహ్మద్ పరుగున వచ్చేసరికి ఆటో వెళ్లిపోయింది. తలుపు తెరిచే ఉంది, ఇంజను తిరుగుతూనే ఉంది. క్యాబిన్లోకి ఎక్కాడు. ఎక్కగానే ఆయన కళ్లు ఎక్కడికి పోయాయంటే, ఇంజనులో ఆయిల్ సరిగా పారుతోందో లేదో చూపే ముల్లు మీదికి. ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. 'బాగుంది' అనుకున్నాడు. ఆ తర్వాతే తాళం తిప్పి ఇంజను ఆపాడు. మనిషి పోయిన బండిలో కూర్చుని ఇంజను బాగోగులు చూసుకున్న ఆ క్షణం సంగతి భార్య మైమూన్ బీకి కూడా చెప్పలేదు. చెప్పుకోలేనంత సిగ్గేసింది.

పదకొండో రోజు దినాలు ముగిశాక రెడ్డెమ్మ కబురంపింది. లారీ అమ్మే మాటేమో అనుకుంటూ వెళ్లాడు. టమోటాను వేరే బండికి ఎత్తేశారు గానీ లారీ ఆ రోజు ఆపినచోటే దుమ్ము పట్టి ఉంది. రెడ్డెమ్మ చాప వేసి, మంచినీళ్లిచ్చి, ఎదురుగా గోడకానుకుని కూర్చుంది.

"నూరన్నా, ఒక మాట అడగతాను, అబద్దం చెప్పద్దు. ఆ పొద్దు వస్తానే ఇంజన్ ఆపేసి ఆయన ఇంట్లోకి వచ్చింటే, బండి చెడిపోయుండునా?"

ఈ ప్రశ్న వస్తుందని పదకొండు రోజులుగా ఆయనకు తెలుసు. జవాబు కూడా సిద్ధంగానే ఉంది. టర్బో పోయుండును, ఇంజను పట్టేసుండును అంటే చాలు. గంగులప్ప ఊరికే పోలేదు, బండిని కాపాడి పోయాడు అనిపిస్తుంది ఆమెకు. తన చేతికీ మసి అంటదు. ఆయన నీళ్ల గ్లాసు కింద పెట్టాడు.

"ఏమీ కాదమ్మా. దినామూ అట్ల ఆపితే పోతాది. ఒక్కసారికి ఏమీ కాదు."

"అది ఆయనకు తెలుసునా?"

"తెలీదు. నేను చెప్పలే. ఒక్కసారికి పరవాలేదంటే డ్రైవర్లు రోజూ ఆ ఒక్కసారే అంటారని, ఎవురికీ చెప్పలే."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. తన అరచేతులు చూసుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది, తానూ అంతేనని, ఇంజను ఆగితేనే మనిషి దిగుతాడని నమ్మి లోపలే కూర్చుండిపోయానని. మూడుసార్లు మూత తీసి సంగటి చూశానంది.

ఆయన లేవబోతుంటే ఆమె ఒక్కటే కోరింది. "ఆ పొద్దు ఇంజన్ ఆగింది నేను యినలేదన్నా. నేనప్పటికి ఆటోలో ఉండాను. ఒక తూరి స్టార్ట్ చేసి ఆపు."

నూర్ అహ్మద్ క్యాబిన్ ఎక్కాడు. సీటు పక్కన గంగులప్ప తువ్వాలు మడత పెట్టినట్టే ఉంది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఎక్కడా తేడా లేదు, పొగ లేదు, అదే నిండైన చప్పుడు. ఆరేళ్లు ఎంతమందికి వినిపించాడో ఆ చప్పుడు! ఇప్పుడు చెవులు మూసుకోవాలనిపించింది. ముల్లు వైపు చూడలేదు. నిమిషాలు లెక్కపెట్టలేదు. వెంటనే తాళం తిప్పేసి దిగాడు.

గడప దగ్గర రెడ్డెమ్మ నిలబడి ఉంది. చేతిలో నీళ్ల చెంబు. ఇంకా నిండలేదు.

"అప్పుడే ఆపేస్తివే అన్నా," అంది.

"ఇట్లే ఆపి వచ్చుండచ్చునమ్మా," అన్నాడు నూర్ అహ్మద్. ఆ మాట అని, అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చాడు.