ఎన్ని గుండెలు

ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. మా ఆయన పోయాక, ఈ వయసులో అక్షరాలు దిద్దినదాన్ని. రాయడం నత్తనడక. అంతకుముందు నాకొచ్చిన చదువల్లా చేపలు కడిగి ముక్కలు కొట్టడం. బజారులో నన్ను కత్తిపీట అనేవాళ్లు.

ఇప్పుడు రోజూ పడుకునేముందు మనవరాలికి పుస్తకం చదువుతాను. కథలు దానికి పనికిరావు. ఐదేళ్ల పిల్ల, ప్రతిదానికీ "ఇది నిజంగా ఉందా అమ్మమ్మా?" అంటుంది. అనుమానం మా ఇంటి ఆస్తి.

నిజం సంగతులున్న పుస్తకాలు ఎంచి తెచ్చేది నేనే. మొదటిది అట్ట గట్టిగా ఉందని తెచ్చాను. రైళ్ల గురించి. రెండో పేజీకే పిల్ల ఆవలించింది. రెండోది అక్షరాలు పెద్దవని తెచ్చాను. వాన గురించే గాని, పేజీకొకసారి "తెలుసుకొనుము" అని గద్దిస్తుంది. అదిప్పుడు ఊగే బల్ల కాలు కింద ఉంది.

"ఈసారిది కూడా మూలన పడితే ఇక ఆయనే తెస్తాడులే అమ్మా. నీకెందుకు శ్రమ," అంది కూతురు.

నా శ్రమ మీద దాని జాలి నాకు తెలియనిదా. అల్లుడు తెచ్చిన పుస్తకం అల్లుడే చదువుతాడు. పిల్ల పక్కన నాకు చోటుండదు.

పిల్లను తీసుకుని పుస్తకాల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన అడక్కముందే నవ్వుతూ ఒకటి చేతిలో పెట్టాడు. "ఇది చూడండి పెద్దమ్మా, పిల్లలు వదలరు."

నిలవ చేప మీదే నీళ్లు ఎక్కువ చల్లుతారు. మధ్యలో తెరిచాను. ఆక్టోపస్ బొమ్మ. వేలు పెట్టి కూడబలుక్కున్నాను. దీనికి మూడు గుండెలు. ఒత్తు తప్పు చదివానేమోనని మళ్లీ చూశాను. అక్కడ ఒత్తే లేదు.

"ఏం నాయనా, చెప్పేవాడికి వినేవాడు లోకువా? బతుకంతా చేపలు కోసినదాన్ని."

"ఆక్టోపస్‌ని కోశారా?"

"దాని తమ్ముళ్లను కోశాను."

"గుండెలు లెక్కపెట్టారా మరి?"

పేగులతో పాటు పీకి పారేశాను గాని లెక్కేం పెడతాను. ఆ మాట పైకి చెప్పలేదు. "ఇంత అబద్ధం అచ్చేయడానికి ఎన్ని గుండెలు వీళ్లకి," అన్నాను.

"మూడు," అంది మనవరాలు.

కొట్టాయన బల్ల కిందికి వంగి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు.

"మరి నీకు, అమ్మమ్మా?"

"ఒకటే."

"నిన్న నేను మెట్ల మీంచి దూకితే గుండెలు జారిపోయాయే అన్నావుగా. ఎన్ని జారాయి?"

వీళ్లిద్దరూ ముందే కూడబలుక్కున్నారేమోనని ఇద్దరి మొహాలూ చూశాను. ఇంకోటి చూద్దామే అంటే, పిల్ల అప్పటికే పుస్తకాన్ని చంకలో బిగించేసింది.

ఇంటికొచ్చి ఆ ఒక్క పేజీయే చదివాం. తప్పు నా నిదానానిది కాదు, మాటకో ప్రశ్న. మధ్యలో నా ఎడమ పక్క చెవి పెట్టి వింది, కుడి పక్క వింది, తిప్పి వీపు మీద కూడా వింది. కూతురు గుమ్మంలో కాసేపు నిలబడి, మొగుడి ఊసెత్తకుండా వెళ్లిపోయింది.

నాకు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. రేపు పాత బజారుకు వెళ్లి ఒకదాన్ని నా చేత్తో కోసి చూస్తాను, ఈసారి నెమ్మదిగా. లెక్కపెట్టడానికి మనవరాలు వస్తానంది.

ఇట్లు, కత్తిపీట. వయసు అరవై ఆరని కూతురు అంటుంది, తను పుట్టకముందు సంగతి తనకెలా తెలుసో. ఉండేది ఆ కూతురింట్లోనే, వంటింటి పక్క గదిలో.