అంచులో నిప్పు

పాత సామాన్ల కొట్టు వెనకగదిలో, కిటికీ పక్కన నిలబడి ఆవిడ గిన్నెను తలకన్నా ఎత్తుగా పట్టుకుని ఒక కన్ను మూసింది. తర్వాత ఆ కన్ను తెరిచి రెండోది మూసింది. చెప్పకుండా దిగిన చుట్టం సంచీని చూసినంత అనుమానంగా చూసింది.

నీలం గాజు గిన్నె. అచ్చులో నొక్కి తీసిందే. పక్కనున్న సన్నటి అతుకుగీత వేలికి తగులుతోంది. అంతవరకు బాగానే ఉంది. అచ్చులోంచి తీశాక కొన్ని గాజు సామాన్లకు మళ్ళీ సెగ చూపిస్తారు. అప్పుడు అంచు పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపును వెలుతురుకు ఎదురుగా పెడితే లోపల నిప్పుకణిక రంగు పలుకుతుంది. కొట్లో దాన్ని పాలంచు గాజు అంటారు. పాలంచుదైతే అద్దాల బీరువాలోకి, కాకపోతే గుమ్మం దగ్గర బుట్టలోకి. ఏది ఎక్కడికో చెప్పడమే ఆవిడ పని. పెళ్ళికి ముందు చేరింది. మొగుడు పోయినా, కూతురు కాపురానికి వెళ్ళినా ఈ కిటికీని మాత్రం వదల్లేదు.

గిన్నె అంచు తెల్లగానే ఉంది. నిప్పూ ఉంది. మనసు కుదుటపడబోయి ఆగిపోయింది. కిటికీ ఊచల అంచుల్లోనూ నిప్పుంది మరి. ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పటికీ ఉంది. పొద్దున ఇంట్లో కంచం అంచుకీ ఉంది.

శుభ్రంగా ఉన్న గిన్నెనే మళ్ళీ తుడిచింది. ఎవరినైనా అడగాలి. అడిగినట్టు తెలియకూడదు.

గదిలో ఉన్నది గడ్డిబాబు ఒక్కడే. గాజు సామాన్లకు గడ్డి చుట్టి పెట్టెల్లో సర్దుతాడు. సగం గడ్డి జుట్టులోనే ఉంటుంది. మనవడు పుట్టినా కుదురు రాలేదు. ఓసారి పూలకుండీకి బదులు సొరకాయను చుట్టి, పెట్టెలో పెట్టి పంపేశాడు.

"ఒరేయ్, ఇలా రా. ఇందులో నిప్పుందో లేదో చెప్పు చూద్దాం."

"నాకు పరీక్షా? తప్పితే బెంచీ ఎక్కిస్తావా అత్తా?"

"వాగకుండా చూడు."

అతను గిన్నెను కిటికీ వైపు తిప్పి, మూతి బిగించి, వైద్యుడిలా తలాడించాడు.

"అబ్బో! చుట్ట ముట్టించుకోవచ్చు!"

ఆవిడ నవ్వేసింది. "పోరా, కోతి," అని గిన్నెను బీరువాలో పెట్టేసింది.

మధ్యాహ్నం యజమాని ఆ గిన్నెనే పట్టుకొచ్చాడు. వెంట కంటాసుపత్రి నర్సమ్మ ఒకావిడ. ఇలాంటి గాజు సామాన్లు పోగుచేస్తుంది.

"ఇది సాదా గాజండీ," అంది నర్సమ్మ మొహమాటంగా.

"మా పెద్దమ్మ చూసి పెట్టాక తిరుగులేదు," యజమాని గొంతు కాస్త పెరిగింది. "చెప్పు పెద్దమ్మా."

"నిప్పుంది బాబూ. గడ్డిబాబు కూడా చూశాడు."

గడ్డిబాబు చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది.

నర్సమ్మ తన సంచీలోంచి చిన్న పాలంచు పళ్ళెం తీసి గిన్నె పక్కన పెట్టింది. యజమాని దీన్ని చూశాడు, దాన్ని చూశాడు. రెండింటినీ మెల్లగా ఆవిడ ముందుకు జరిపాడు.

"అత్తా..." గడ్డిబాబు నోరు పెగల్చుకున్నాడు. "నేను వేళాకోళానికన్నాను. అది సాదాదే. నీకు తెలీకపోవడమేంటి, నెత్తిన ఒకటి మొట్టి నవ్వుతావనుకున్నా."

ఆవిడ రెండు చేతుల్తో రెండింటినీ వెలుతురుకు ఎత్తింది. రెండూ తెల్లగా ఉన్నాయి. రెండింట్లోనూ నిప్పుంది.

"నాకు ఒకేలా ఉన్నాయిరా," అంది నెమ్మదిగా.

నర్సమ్మ దగ్గరకొచ్చి ఆవిడ గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వైపు తిప్పింది. "శుక్లాలమ్మా. రెండు కళ్ళకీ. పసుపుగా ముదిరాయి, ఇక దేన్ని చూసినా నిప్పురంగే. తీయించుకుంటే పోతాయి."

"తీయించుకుని వచ్చెయ్ పెద్దమ్మా," అన్నాడు యజమాని. "దానికేముంది!"

"చూపు వస్తుందిలే బాబూ. ఇన్నాళ్ళూ నా మాట మీద కొనుక్కుపోయిన వాళ్ళు?"

అతను చేతిలో తాళాలు తిప్పుకుంటూ నర్సమ్మను సాగనంపడానికి వెళ్ళాడు.

ఆవిడ బీరువా తెరిచింది. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. అంచుకు అంచు తగలకుండా, మధ్యలో గుడ్డ వేస్తూ. "కళ్ళున్నవాళ్ళకి మళ్ళీ చూపించండి," అంది ఎవరివైపూ చూడకుండా. గడ్డిబాబు సాయం వస్తే మోచేత్తో పక్కకు నెట్టింది.

"తిట్టవే అత్తా. రెండు తిట్లు తిట్టు."

"నీదేముందిరా. ఎప్పుడూ ఆడే వేళాకోళమే ఆడావు."

అతను వీధి చివరికి పరుగెత్తి టీ తెచ్చిచ్చాడు. ఆవిడ నిలబడే తాగింది. అతను చివరి పెట్టెకు మేకులు కొట్టి తల తిప్పేసరికి ఆవిడ చెప్పులు లేవు, చేతిసంచీ లేదు. గుమ్మం దాకా వెళ్ళి చూశాడు. వీధిలో జనం ఉన్నారు, ఆవిడ లేదు.

వెనక్కొచ్చాడు. కిటికీ గట్టు మీద ఆవిడ తాగిన టీ గ్లాసు ఉంది. అంచు చుట్టూ పాలనురగ ఆరి, సన్నగా తెల్లగా అంటుకుని ఉంది.