చెరగని దిద్దుబాటు

నిఖత్ మొండిది. కావాలంటే షామీర్‌పేటలో వాళ్లమ్మ సాలేహానడగండి, "నా బిడ్డ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు" అంటుంది. అట్లాంటి పిల్లను పట్టుకుని రఘునందన్ సారు రికార్డు చెరిపెయ్యమన్నాడు. ఎంత అమాయకుడు!

గుండ్లపోచంపల్లిలో ఆయనది నీళ్లు పరీక్షించే ల్యాబు. చుట్టుపక్కల కాలనీల బోరు నీళ్లు తాగొచ్చో కూడదో తేల్చేది వాళ్లే. కంప్యూటరులోని ఫలితాల ఫైలులో ఏ అంకె మారినా, ఎవరు మార్చారో, ఎప్పుడు మార్చారో, అంతకుముందు ఏముందో దానంతట అదే నమోదయ్యే ఏర్పాటు చేసింది అక్కడ పనిచేసే నిఖతే. సెలవు రోజులన్నీ దానికే ధారపోసింది. ప్రతి మార్పుకూ ఒక ముద్ర పడుతుంది, ఆ ముద్రలో ముందరి ముద్ర కలిసి ఉంటుంది. జడలో నడిమి పాయ లాగితే కింది అల్లికంతా చెదిరినట్టు, పాతదొకటి కదిపితే తర్వాతవేవీ సరిపోలవు.

ల్యాబులకు గుర్తింపు ఇచ్చే సంస్థ నుంచి తనిఖీకి వస్తున్నారనగా సారు కంట ఒక వరుస పడింది. ఒక బోరు నీళ్లకు నిఖత్ మొదట 'తాగరాదు' అని ఎక్కించి, మర్నాడు 'తాగొచ్చు' అని మార్చింది. సీసాలు తారుమారయ్యాయనీ, మళ్లీ పరీక్షించాననీ పక్కనే కారణం రాసింది.

"ఇదేంటమ్మాయ్, ఎవరో చెయ్యి తడిపి మార్పించుకున్నట్టుంది! తీసెయ్."

"తీసేస్తే, తీసేసినట్టు గూడ పడతది సార్."

"అయితే పాతదంతా వదిలేసి, చివరి అంకెలతో కొత్తగా మొదలెట్టు. శుభ్రంగా ఉంటుంది."

"అన్నీ ఒక్క దినమే పుట్టినట్టు కనవడ్తయ్. అప్పుడు నిజంగనే దొంగలమైతం. నేను జెయ్య సార్."

"గుర్తింపు రాకపోతే ల్యాబు మూతే. నీ ఉద్యోగమూ అంతే. తర్వాత చెప్పలేదనకు!"

ఇంట్లో జీతం తెచ్చేది నిఖత్ ఒక్కతే. అయినా ఫైలు ముట్టుకోలేదు.

తనిఖీకొచ్చిన హర్షిత చిన్న వయసు మనిషే గానీ నిప్పు. వచ్చీ రాగానే సరిగ్గా ఆ వరుస మీదే వేలు పెట్టింది.

"నా తప్పే మేడం. సీసాలు కలగలిసినయ్. నేనే దిద్దిన" అంది నిఖత్.

"ఈ కారణం నిన్న కూర్చుని అల్లింది కాదని ఎలా నమ్మాలి?"

"మీరే ఏదన్న మార్చి సూడుండ్రి. దొరకకుంట మారిస్తే నేనే నౌకరి ఇడిసి వోత."

హర్షిత నవ్వి, రఘునందన్‌నే కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. "ఎవరికీ తెలియకుండా ఒక పాత అంకె మార్చండి చూద్దాం" అని నిఖత్‌ను తీసుకుని చాయ్‌కి వెళ్లింది. ఆయన సామాన్యుడా! కంప్యూటరు గడియారాన్ని వెనక్కి తిప్పాడు, ఎప్పటిదో ఒక అంకె దిద్దాడు, గడియారాన్ని మళ్లీ ముందుకు తెచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

నిఖత్ వచ్చి ఒక్క మీట నొక్కింది. పాత అంకె, కొత్త అంకె, సారు పేరు, అసలైన వేళ, అన్నీ తెర మీద పడ్డాయి.

"టైము గీ కంప్యూటర్‌ది గాదు సార్, బయటి సర్వర్ నుంచి వస్తది" అంది.

హర్షిత లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "దిద్దుబాటన్నదే లేని రికార్డు చూస్తే నాకు భయం. మీకు గుర్తింపు ఇమ్మని ఇవాళే రాస్తాను. ఇంతకీ ఈ ఏర్పాటు ఎవరు చేశారు?"

"బయటివాళ్లెవరూ కాదండీ, మా నిఖతే!" అన్నాడు రఘునందన్, ఛాతీ విరుచుకుని. నిఖత్‌కు ఏనుగెక్కినంత సంబరమైంది.

హర్షిత కారు గేటు దాటాక ఆయన మెల్లగా దగ్గరికొచ్చాడు. "అమ్మాయ్, అందులో నా పేరు..."

"పోదు సార్. కారణం రాయుండ్రి."

ఆయన కుర్చీ లాక్కుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు: 'నిఖత్‌ను నమ్మలేదు. తప్పు నాది.'