ఎల్ అక్షరం అల్లుడు

ఆ ఇంటి అల్లుడు బైండరు. మామగారు ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బావమరిది వకీలు. ఆదివారం మధ్యాహ్నం అందరూ కలిసి భోజనానికి కూర్చుంటే తండ్రీకొడుకులు ఎవరూ వాడని ఇంగ్లీషు మాటలు వెతికి తెచ్చి ఒకరిమీద ఒకరు విసురుకునేవారు. అర్థం చెప్పలేనివాడు ఓడినట్టు. తగువు తేలకపోతే మామగారి డిక్షనరీ వచ్చేది. దాని అట్ట ఊడి ఏడాదైంది. పాత తువ్వాల్లో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తెచ్చేవారు.

పుస్తకాలు కుట్టి బతికే అల్లుడు ఎదురుగా కూర్చుని ఉండగా ఆ పుస్తకం తువ్వాల్లో ఉండడమే అతనికి గుండెలో ముల్లు. "ఇటివ్వండి, కుట్టి పెడతాను" అని రెండుసార్లు అడిగాడు. "చూద్దాంలే నాయనా" అన్నారు ఆయన, రెండుసార్లూ. లోపలి మాటలు తెలియనివాడి చేతిలో ఎలా పెడతామనే కాబోలు అనుకున్నాడు అల్లుడు. అనుకోక ఏం చేస్తాడు? ఆ ఇంట్లో "ఊఁ", "చాలు", "వస్తాం" అనే మూడు మాటలతో ఆరేళ్లు నెట్టుకొచ్చిన ఘనుడు.

ఆ వానాకాలం లైబ్రరీ వాళ్ల పెద్ద డిక్షనరీ అతని బల్లమీదికొచ్చింది. కప్పు కారి, మధ్యలో ఒక్కచోటే తడిసింది. తడిసిన కాగితాలను ఒక్కొక్కటే విడదీసి, చిరుగులకు పల్చటి కాగితం అతికించి, బరువు కింద ఆరబెట్టాలి. అతుకు కింద అక్షరం చెడకూడదు గనక ప్రతి మాటా కూడబలుక్కుని చదివాడు. నెల తిరిగేసరికి నోటికొచ్చేశాయి. ఇక ఆదివారం కోసం కొత్త చొక్కా కుట్టించుకున్నవాడిలా ఎదురుచూశాడు.

ఆదివారం వచ్చింది. అత్తగారు గరిట పట్టుకుని, "ఇంకాస్త వెయ్యనా బాబూ?" అన్నారు.

అతను గొంతు సవరించుకున్నాడు. "చాలండి. ఇవాళ మామగారు లుగూబ్రియస్‌గా ఉన్నారు."

గరిట గాల్లో ఆగింది.

"అంటే దిగులుగా" అన్నాడు.

"దిగులేం లేదు నాయనా, పన్ను సలుపుతోంది" అన్నారు మామగారు.

అక్కడితో ఊరుకుంటే మర్యాద దక్కేది. ఊరుకోలేదు. బావమరిదిని లొక్వేషస్ అన్నాడు.

"నేను వాగుడుకాయనా బావా!"

భార్యను లిసమ్ అన్నాడు. ఆవిడ కంగారుగా అతని నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. "ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

వకీలు ముద్ద పక్కన పెట్టాడు. "బావా, ఒక్క ప్రశ్న. నువ్వు చెప్పినవన్నీ ఎల్ మాటలే. ఎమ్‌తో ఒకటి చెప్పు."

అల్లుడు నీళ్లు తాగాడు.

"పోనీ, కె?"

"అక్కడ తడవలేదు" అన్నాడు అల్లుడు, చిన్న గొంతుతో.

"ఏం తడవలేదు?"

చెప్పక తప్పలేదు. ఇల్లంతా నవ్వింది. మామగారు దవడ పట్టుకుని మరీ నవ్వారు. "బావా, పై వానాకాలానికి ఎమ్ తడిపిస్తాంలే!" అంటూ బావమరిది లేచి, లిసమ్ ఏమిటో చూద్దామని తువ్వాలు మూట తెచ్చి విప్పి, విస్తళ్ల మీదుగా డిక్షనరీని రెండు చేతులా విరిచాడు. లోపలి కాగితాలు కట్టలు కట్టలుగా జారాయి. అల్లుడి ఎడమచెయ్యి వాటి కిందికి వెళ్లింది.

"ఎంగిలి చెయ్యి తియ్యి!" అని అరిచాడు. ఆ ఇంట్లో అతని అరుపు అదే మొదలు. "అలా మధ్యకి విరవొద్దు. కుట్టు తెగింది. కుట్టకుండా ఎవడో బుద్ధిలేనివాడు వెన్ను పొడుగునా జిగురు పోశాడు. అది ఎండి పెంకులుగా లేస్తోంది. దాన్ని గీకి, విడదీసి, మళ్లీ దారంతో కుట్టాలి. ఒక్క కాగితం పోదు, నాదీ పూచీ."

మామగారు తన విస్తరికేసి చూసుకుంటూ, "ఆ బుద్ధిలేనివాణ్ని నేనే" అన్నారు. "అట్ట ఊడితే ట్యూబు జిగురు కొని పోశాను. నీకు చూపిస్తే ఇదిగో, ఇలాగే తిడతావని దాచాను."

అల్లుడికి ఏ అక్షరంలోనూ మాట దొరకలేదు. ఏడాదిపాటు ఆయన తనకు జడిశారు. తను ఆయనకు జడిసి నెల్లాళ్లు ఎల్ బట్టీపట్టాడు.

భోజనాలయ్యాక మామగారే కట్టలన్నీ వరసగా పేర్చి, తువ్వాల్లో చుట్టి, అతని చేతుల్లో పెట్టారు. "ఎన్నాళ్లు పడుతుంది?"

"ఇరవై రోజులు."

"అందాకా మా తగువులు ఎవరు తీర్చాలి?"

"ఎల్ మట్టుకు నన్నడగండి" అన్నాడు.

దారిలో భార్య అడిగింది. "ఇంతకీ లిసమ్ అంటే ఏమిటో చెప్పనే లేదు."

"తీగలా, నాజూగ్గా ఉండే మనిషి."

ఆవిడ తనను తాను ఓసారి చూసుకుని, "మరీ చెబుతారు! నేను అలా ఉన్నానా? పెద్ద డిక్షనరీల్లోనూ తప్పులుంటాయేమో" అంది.

అతని ధ్యాసంతా చంకలోని తువ్వాలు మూట మీదే ఉంది. అలవాటుకొద్దీ "ఊఁ" అన్నాడు.

ఆవిడ మూతి తిప్పుకుని, విసవిసా ముందు నడిచింది.